ఎవరు ముందు చెప్పాలి?

ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు ఎంత ప్రేమించుకున్నా మన సమాజానికి ఇబ్బంది లేదు, దాన్ని దోస్తీ అన్నంతకాలం. ఒకే కంచంలో తినొచ్చు. ఒకే మంచం మీద పడుకోవచ్చు. భుజాల మీద చేతులేసుకుని బజారంతా తిరగొచ్చు. ఒకడి కోసం ఇంకొకడు పొలం అమ్ముకుంటే ఊరు మెచ్చుకుంటుంది. పెళ్ళయిన ఆడవాళ్ళకి ఇందులో పదోవంతు కూడా దొరకదు. చిన్ననాటి స్నేహితురాలితో ఒక్క పూట గడపాలంటే ఇంట్లో ఎన్ని అనుమతులు తీసుకోవాలో మనందరికీ తెలుసు. మరి ఇంత చోటు ఉన్న మగవాళ్ళకి ఒకరితో ఒకరు ఒక్క మాట చెప్పుకోవడానికి చోటెందుకు ఉండదు? అదీ బలవంతులకి, ఊళ్ళో పెద్దమనుషులుగా చెలామణీ అయ్యేవాళ్ళకి? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా ఇంట్లోంచి వచ్చింది. దాన్ని నోరు తెరిచి అడిగేలా చేసింది మాత్రం ఒక సినిమా.

మాది జహీరాబాదు. హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రోడ్డు మీద, కర్ణాటక సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉన్న ఊరు. 1956 దాకా బీదర్ జిల్లా, తర్వాత మెదక్, 2016 నుంచి సంగారెడ్డి. జిల్లాలు మారినా మా మాటలో తెలుగు, ఉర్దూ, కన్నడ కలిసే ఉన్నాయి. ఎర్రనేల, చెరకు, అల్లం, ఆలుగడ్డ, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, రాత్రంతా ఆగకుండా పోయే లారీలు. మా చిన్నాయనకి అలాంటి లారీలు మూడుండేవి. ఆయన్ని అందరూ పటేల్ అనేవాళ్ళు. ఆయన దోస్తు అల్లం, ఆలుగడ్డ వ్యాపారి. ఆయన్ని సేఠ్ అనేవాళ్ళు. పేర్లూ కులమూ మతమూ ఇక్కడ రాయను. రాస్తే ఊళ్ళో ఇట్టే పోల్చుకుంటారు. చిన్నమ్మ నన్ను రాయమంది, పేర్లు వద్దంది.

ఇద్దరూ గొంతు పెద్దవాళ్ళే. ఇద్దరి ఇంట్లోనూ వాళ్ళ మాటకి ఎదురు లేదు. పంచాయితీలకి ఇద్దర్నీ పిలిచేవాళ్ళు. ఊళ్ళో వాళ్ళకి 'జోడెడ్లు' అని పేరు. పొద్దుగూకితే ఇద్దరూ కలవాల్సిందే. లోడు బొంబాయికి పోతే డ్రైవరున్నా సరే చిన్నాయన తనే వెళ్ళేవాడు. పక్కన సేఠ్ ఉండేవాడు. ఝరాసంగం జాతరకీ ఇద్దరే, బీదర్ కోట చూడటానికీ ఇద్దరే. చిన్నమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ జాతరకి తననీ తీసుకుపొమ్మని అడిగిందట. 'జీపులో జాగ లేదు' అన్నాడట. ఆ జీపులో ఇద్దరే వెళ్ళారు.

చిన్నాయన 2012లో గుండెపోటుతో పోయాడు. అప్పటికి వాళ్ళ దోస్తీకి ఇరవై ఆరేళ్ళు.

ఇక సినిమా సంగతి. 2022 మార్చి 25న 'ఆర్‌ఆర్‌ఆర్' విడుదలైంది. ఆ ఏడాదే టీవీలో వచ్చినప్పుడు చిన్నమ్మా నేనూ కలిసి చూశాం. కథ అందరికీ తెలిసిందే. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం చరిత్రలో ఎన్నడూ కలుసుకోలేదు. మన్యం తిరుగుబాటు 1922లో మొదలైంది, 1924 మే 7న రాజుని కాల్చి చంపారు. భీం 1940లో జోడేఘాట్‌లో నైజాం పోలీసుల తుపాకులకి బలయ్యాడు. వాళ్ళిద్దరూ ఢిల్లీలో కలిస్తే ఎలా ఉండేదన్నది రాజమౌళి ఊహ. ఆ ఊహలో ఇద్దరూ ఒకరికొకరు ప్రాణం. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాస్తున్నారు. భీం అక్తర్ అనే పేరుతో మెకానిక్‌గా బతుకుతూ, తెల్లదొరలు ఎత్తుకొచ్చిన గోండు పిల్ల మల్లి కోసం వెతుకుతుంటాడు. రాజు పోలీసు. ఆ వెతికేవాణ్ణి పట్టుకోవడమే అతని పని. ఆ యూనిఫాం వెనక ఇంకో రహస్యం, తన ఊరికి తుపాకులు చేర్చాలన్నది.

ఈ సినిమాని అమెరికాలో చూసినవాళ్ళు చాలామంది ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథగా చూశారు. ఆ మాట ఇక్కడికొచ్చేసరికి గొడవైంది. ఆస్కార్ పొందిన శబ్ద రూపకర్త రసూల్ పూకుట్టి 2022 జూలైలో ట్విట్టర్‌లో ఇది గే ప్రేమకథ అన్నట్టు రాస్తే మన ప్రేక్షకులు మండిపడ్డారు. పాశ్చాత్య దేశాల్లో అంటున్నదే తాను చెప్పానని ఆయన తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. నిర్మాత శోభు యార్లగడ్డ మాత్రం సూటిగా అడిగాడు, ఒకవేళ అది గే ప్రేమకథే అయితే మాత్రం అందులో చెడ్డేముందని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. తిట్టినవాళ్ళే ఎక్కువ.

ఆ సినిమా తీసినవాళ్ళ ఉద్దేశం ఏమిటన్నది నాకు ముఖ్యం కాదు. నాకు ఆసక్తి కలిగించింది వేరే విషయం. ఇద్దరు హీరోలు, రెండు పెద్ద అభిమాన వర్గాలు. ఎవరి ఫైటు ఎన్ని నిమిషాలు, ఎవరి ఎంట్రీకి ఎన్ని విజిల్స్ అని లెక్క కట్టే ప్రేక్షకుల ముందు ఇద్దర్లో ఎవరూ ఒక మెట్టు కూడా కిందికి దిగకూడదు. అందుకే కథ అంతా తక్కెడలో తూచినట్టు నడుస్తుంది. ఒకడు నిప్పు, ఒకడు నీరు. ఒకడు కొరడాతో కొడతాడు, మోకరిల్లమన్నా రెండోవాడు మోకరిల్లడు. తర్వాత అదే కొట్టినవాణ్ణి, కాళ్ళు పనిచేయని స్థితిలో, దెబ్బలు తిన్నవాడు భుజాల మీద మోసుకుపోతాడు. ముట్టుకోవడానికి వాళ్ళకి అనుమతి ఉంది. రక్తం కారుతున్నప్పుడు, పాము కరిచినప్పుడు, జైలు గోడలు బద్దలు కొట్టేటప్పుడు. దేశం కోసమో, ప్రాణం కోసమో అయితే ముట్టుకోవచ్చు. ఊరికే, ఇష్టం కొద్దీ ముట్టుకుంటేనే తప్పు.

సినిమా సగంలో రాజుని పాము కరుస్తుంది. భీం మందు కట్టి బతికించి తన రహస్యం తనే చెప్పేస్తాడు. ఇంత పెద్ద సినిమాలో నన్ను నిజంగా కదిలించింది ఆ ఒక్కచోటే. ఇద్దరు బలవంతుల్లో ఒకడు, ముందు నేను చెబితే తగ్గిపోతానేమోనని లెక్కపెట్టుకోకుండా నోరు విప్పాడు. రెండోవాడు విప్పడు. యూనిఫాం వేసుకుని ఎదురొస్తాడు. రాజు మనసులో ఉన్నది భీముడికి చివరికి ఎవరు చెబుతారు? సీత. ఆమె ఎక్కడో హాథ్రస్‌లో, కాబోయే మొగుడు చావబోతున్నాడని తెలిసి, ఎవరో తెలియని మనిషికి కన్నీళ్ళతో కథంతా చెబుతుంది. ఆ చెప్పడం కోసమే ఆమె ఆ సినిమాలో ఉంది.

సరిగ్గా అక్కడ చిన్నమ్మ టీవీ వైపు చూస్తూనే అంది. "గా పోరి నడుమల లేకుంటె వీనికెన్నడు ఎరుకయితుండె? మొగోల్ల ముచ్చట మొగోల్లకు జెప్పెతందుకు గూడ ఆడిదే గావాలె."

నేను టీవీ గొంతు తగ్గించాను. ఆమె చెప్పసాగింది. పదేళ్ళుగా లోపల పెట్టుకున్నది, ఎక్కడా ఆగకుండా, ఏడవకుండా చెప్పింది.

2004లో డీజిల్ ఖర్చులు పెరిగి, ఒక లారీ యాక్సిడెంటయి చిన్నాయన ఫైనాన్స్ కిస్తీలు కట్టలేకపోయాడు. ఆ సంగతి సేఠ్‌కి చెప్పలేదు. చెబితే చెయ్యి కిందవుతుంది. అయినా ఫైనాన్సువాళ్ళ గుమాస్తా ద్వారా సేఠ్‌కి తెలిసింది. ఆయనా చిన్నాయనని అడగలేదు. అడిగితే 'నాకు తెలిసిపోయింది' అని చెప్పినట్టే, పటేల్ తల దించుకోవాల్సి వస్తుంది. ఒక మధ్యాహ్నం, చిన్నాయన లేని వేళ చూసి వచ్చి, గడప బయటే నిలబడి, చిన్నమ్మ చేతిలో డబ్బుల మూట పెట్టాడు. "మీ తల్లిగారు ఇచ్చిండ్రని జెప్పు వదినె" అన్నాడు. ఆమె అలాగే చెప్పింది. చిన్నాయన నమ్మాడు. పుట్టింటివాళ్ళ డబ్బు తీసుకోవడం ఆ మగవాడికి అవమానం అనిపించలేదు. అది మామూలే కదా. దోస్తు దగ్గర తీసుకోవడమే అవమానం. అట్లా పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలలూ లేని కలిమి పుట్టింటికి అంటగట్టి చిన్నమ్మ అబద్ధమాడింది.

చిన్నాయన దాచింది ఇంకొకటి. 2009లోనే డాక్టరు గుండె జబ్బని తేల్చాడు. బరువులెత్తొద్దు, రాత్రి ప్రయాణాలు వద్దన్నాడు. అది సేఠ్‌కి తెలియనివ్వొద్దని చిన్నమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. 'గాడు నన్ను ముసలోని లెక్క జూస్తడు. బొంబాయికి రానియ్యడు' అన్నాడట. బొంబాయి ప్రయాణం అంటే ఆయనకి ఏమిటో చిన్నమ్మకి తెలుసు. అందుకే ఒట్టు వేసింది. మందు బిళ్ళలు తలనొప్పి బిళ్ళల డబ్బాలో పోసి జేబులో పెట్టి పంపేది.

"నీకెప్పుడు తెలిసింది చిన్నమ్మా?" అని అడిగాను. ఏది అని ఆమె అడగలేదు.

"పెండ్లయిన నాలుగో నెల్లనే ఎరుకాయె బిడ్డా. కొట్టలె, తిట్టలె. పిల్లలయిండ్రు, ఇల్లు గట్టిండు. గని నాదిక్కు ఎన్నడు సూడలె. సేఠ్ స్కూటర్ సప్పుడయితె ఆయన మొకం మారుతుండె. గా మొకం నాకు ఒక్కపారన్న దొరుకుతదేమో అని ఇరువై ఆరేండ్లు సూసిన."

వాళ్ళ మధ్య ఇంకేం ఉందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. వాళ్ళకైనా దానికి పేరుందో లేదో. ఆమె ఉద్దేశంలో వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు కూడా ఎన్నడూ అనుకుని ఉండరు. "ఎవలు ముంగట జెప్పాలె? ఇద్దరు పెద్దమనుషులే గదా" అంది. ఆ మాటలో వెటకారం లేదు.

ఎవరు ముందు చెప్పాలి? ఈ ప్రశ్నలోనే అంతా ఉందని నాకనిపిస్తుంది. ముందు చెప్పినవాడు అడిగినవాడవుతాడు. అడిగినవాడు వంగినవాడవుతాడు. వంగినవాణ్ణి మన భాషలో ఏమంటారు? 'ఆడంగి' అంటారు. గాజులు తొడుక్కోమంటారు, చీర కట్టుకోమంటారు. పటేల్, సేఠ్ భయపడ్డది ఇంకో మగవాణ్ణి ప్రేమించడానికి కాదు. ఆ ప్రేమలో తను ఎక్కడ ఆడదానిగా లెక్కకొస్తానో అని భయపడ్డారు. స్వలింగ ప్రేమ పట్ల మన సమాజంలో ఉన్న అసహ్యాన్ని కొంచెం తవ్వితే అడుగున ఉండేది స్త్రీ పట్ల ఉన్న చులకనే. అందుకే ఇది మన సమస్య కాదని స్త్రీవాదులు పక్కకి తప్పుకోవడానికి లేదు.

దీనికి మా నేల మీదే చట్టం సాక్ష్యం ఉంది. నైజాం పాలనలో 1919లో, అంటే ఫసలీ 1329లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. వాళ్ళ పేర్లు రిజిస్టరులో రాయాలి. ఆడదుస్తుల్లోనో నగలతోనో వీధిలో కనబడినా, నలుగురిలో పాడినా ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. నైజాం పోయినా, భాషాప్రయుక్త రాష్ట్రం వచ్చినా, తెలంగాణ వచ్చినా ఆ చట్టం కదల్లేదు. వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కోర్టుకి వెళితే, తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూటనాలుగేళ్ళు! ఆ కాలమంతా, మీసాలు మెలేసి ఒకే స్కూటర్ మీద తిరిగిన జోడెడ్లని ఎవరూ ఆపలేదు. చీర కట్టినవాళ్ళనే ఆపారు. డబ్బూ కులమూ మీసమూ ఉన్న మగవాళ్ళకి గుట్టు ఒక సౌకర్యం. అది లేనివాళ్ళకి పోలీసు స్టేషను.

అమెరికన్ విమర్శకురాలు ఈవ్ కొసోఫ్‌స్కీ సెడ్జ్‌విక్ 1985లో 'బిట్వీన్ మెన్' అనే పుస్తకం రాసింది. ఇంగ్లీషు సాహిత్యంలో మగవాళ్ళ మధ్య బంధాలు ఒక స్త్రీని మధ్యలో పెట్టుకుని ఎలా నడుస్తాయో అందులో చూపించింది. ఆ స్త్రీ వాళ్ళకి వంతెన, అడ్డుగోడ కూడా. సినిమాలో సీత కబురు చేర్చి ఊరుకుంది. చిన్నమ్మ పని అంత తేలిక కాదు. ఆమె రెండు రహస్యాలనీ రెండువైపులా మోసింది. ఒకరి డబ్బు, ఒకరి జబ్బు. మోస్తూ వంట చేసింది, పిల్లల్ని పెంచింది, సేఠ్‌కి చాయ్ పెట్టింది. పైగా ఇద్దరు మగవాళ్ళ పరువుకీ కాపలా కాసింది.

చిన్నాయన పోయిన రోజు సేఠ్ వచ్చి వాకిట్లో వేపచెట్టు కింద నిలబడ్డాడు. ఏడవలేదు. అన్నదమ్ములు, బావమరుదులు, అల్లుళ్ళు ఎవరి వరస ప్రకారం వాళ్ళు లోపలికి వెళ్తున్నారు. ఆయనకి వరస లేదు. పాడె మోసేటప్పుడు కూడా అయినవాళ్ళే ముందుకొచ్చారు. అప్పుడు చిన్నమ్మ లోపల్నుంచి ఒక్కమాట అంది. "సేఠ్‌ను పట్టనియ్యుండ్రి." ఎందుకని ఎవరూ అడగలేదు. దోస్తు కదా అనుకున్నారు. ఆయన పాడెకి భుజం పట్టాడు. నెల తర్వాత వచ్చి, జబ్బు సంగతి తనకి ఎందుకు చెప్పలేదని గడప బయట నిలబడి ఆమెనే నిలదీశాడట. ఆ కోపం చనిపోయినవాడి మీద. పడింది మాత్రం ఆమె మీద. అప్పుడూ ఆమె ఒట్టు సంగతి చెప్పలేదు. 2017లో ఆయనా పోయాడు.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించిన కవి హోషంగ్ మర్చంట్ 1999లో భారతీయ గే రచనల సంకలనం తెచ్చినప్పుడు దానికి 'యారానా' అని పేరు పెట్టారు. మా వైపు రోజూ వాడే మాట అది. దోస్తీ అనే పదంలో ఎంత దాగుతుందో ఆ పేరు చూస్తే తెలుస్తుంది. దాగడానికి పదం ఉండటం వల్ల కొందరు బతికి ఉండొచ్చు. కాదనను. కానీ ఆ పదం చాటున ఎవరెవరి జీవితాలు ఖర్చయ్యాయో కూడా లెక్క రాయాలి.

మా జహీరాబాదు పక్కన పస్తాపూర్, మచ్నూరు ఊళ్ళున్నాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత స్త్రీలు దశాబ్దాలుగా రాత్రిపూట కూర్చుని విత్తనాల గురించీ, భూమి గురించీ, మొగుళ్ళ తాగుడు గురించీ గట్టిగా మాట్లాడుకున్నారు. 2008 అక్టోబరు 15న మచ్నూరులో సంఘం రేడియో మొదలుపెట్టి తమ గొంతు పది ఊళ్ళకి వినిపించారు. వాళ్ళ దగ్గర డబ్బు లేదు, ఊరి పెద్దరికం లేదు. ముందు మాట్లాడితే తగ్గిపోతామన్న బెంగ కూడా లేదు. ఊరినే శాసించిన ఇద్దరు మగవాళ్ళకి ఇరవై ఆరేళ్ళలో దొరకనిది అదే. ఆధిపత్యం మగవాళ్ళకి చాలా ఇస్తుంది, తీసుకునేదాన్ని మాత్రం కనిపించనివ్వదు.

ఈ మధ్య చిన్నమ్మకి ఇంకో ఇద్దరి సంగతి చెప్పాను. హైదరాబాదులో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2021 డిసెంబరులో ఇళ్ళవాళ్ళ సమక్షంలో, స్నేహితుల మధ్య వేడుక చేసుకుని మేమిద్దరం జీవిత భాగస్వాములం అని ప్రకటించుకున్నారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చాకే అది సాధ్యమైంది. తమ పెళ్ళిని చట్టం గుర్తించాలని 2022లో వాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ కేసు వాళ్ళ పేరుతోనే ప్రసిద్ధమైంది. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పెళ్ళి ప్రాథమిక హక్కు కాదు, అది చట్టసభలు చూసుకోవాలంది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లూ కొట్టేసింది. కాబట్టి ఇవాళ్టికీ వాళ్ళకి వరస లేదు, చట్టం దృష్టిలో. ఆసుపత్రి కాగితాల మీద సంతకం దగ్గరా, ఆస్తి దగ్గరా, పాడె దగ్గరా వాళ్ళు 'దోస్తులే'.

చిన్నమ్మ అంతా విని కోర్టు గురించి ఏమీ అడగలేదు. పెళ్ళిబట్టల గురించీ అడగలేదు. ఒకటే అడిగింది.

"గా ఇద్దరి నడుమల ఆడివిల్ల ఎవలన్న ఉన్నదా?"

లేదన్నాను.

"అయితె మంచిగ జేసిండ్రు" అంది.